మూడేళ్ళ పని

తుండుగుడ్డ కింద బేరమాడి, మూడు వేళ్ళ మనిషి దగ్గర ఇరవై రూపాయలు మిగిల్చుకున్నవాడు పల్నాడు మొత్తంలో నేనొక్కణ్ణే. నరసరావుపేట బజార్లో జౌళి కొట్టువాళ్ళ ఇంట పుట్టి, మాటలకంటే ముందు ధరలు నేర్చుకున్నవాణ్ణి. అయినా మా నాన్నకు కూడా చేతకాని బేరం అది. ఆ రోజు నా అంత మొనగాడు లేడనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను కూడా.

ఈ బేరం తెలియనివారి కోసం రెండు మాటలు. పశువుల సంతలో దళారులు ధరను నోటితో చెప్పరు. పక్కవాడు వింటే వాడూ అదే ధర అడుగుతాడు. అందుకని ఇద్దరూ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పుకుంటారు. అమ్మేవాడు ఎన్ని వేళ్ళు చాపితే అన్ని పదులు. కొనేవాడు తడిమి చూసుకుంటాడు. పిడికిలి బిగిస్తే బేరం లేదని అర్థం. గుడ్డ లాగేశాక మాట తిరగకూడదు. కోర్టులో ప్రమాణం చేసి అబద్ధమాడేవాడు కూడా తుండుగుడ్డ దగ్గర ఆడడు.

పోయిన నెల ఒక పొద్దున రాజుపాలెం రైతు ఒకాయన కొట్టుకొచ్చి ఆరు గజాల తెల్ల మల్లుగుడ్డ చింపమన్నాడు. పెళ్ళి బట్ట కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఎవరికి మావా?" అన్నాను గజంబద్ద తీస్తూ.

"మా ఊరి కుంటి మేస్త్రికి. రాత్రి పోయాడు. పెట్టె మీద కప్పాల. గజం ఎంతకిస్తావేంది?"

నేను ధర చెప్పలేదు. కత్తెర చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ధర అడిగితే నోరు పెగలని శెట్టిని ఆ రైతు ఎన్నడూ చూసి ఉండడు. మా గుమాస్తా కూడా చూడలేదు.

కుంటి మేస్త్రి! నేనెరిగిన నాటికి ఆయన కుంటివాడు కాదు. ఆ రోజుల్లో ఆయన్ను నేను 'నువ్వు' అనేవాణ్ణి. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. ఈ మార్పు నాకు ఊరికే రాలేదు.

నయాపైసలు వచ్చిన కొత్త. కృష్ణ మీద డ్యాము కడుతున్నారు. మాచర్ల వైపు లారీలు, ఓవర్సీర్లు, కూలీల గుడిసెలు. కూలి డబ్బు చేతికొస్తే మనిషి ముందు కొనేది బట్ట. కాబట్టి బట్టల మూటలు ఊరూరికీ తిప్పడానికి నాకో బండి కావాలి. మాచర్ల దాటాక ఒక ఇంటి పశువుల కొట్టంలో యుద్ధం నాటి మోటారుసైకిల్ ఒకటి పడి ఉందని తెలిసి వెళ్ళాను. తుప్పు పట్టి, ముందుచక్రం ఒరిగి, సీటు స్ప్రింగుల మధ్య కోడిపెట్ట పొదుగుతోంది. అది డ్యాము పని చేసే ఒక ఓవర్సీరుది. అద్దె బాకీ కింద ఆ ఇంటావిడకు మిగిలింది.

"ఆ ఓవర్సీరు ఏమయ్యాడమ్మా?"

"పోయాడు నాయనా," అందావిడ.

బదిలీ మీద పోయాడో, లోకం నుంచే పోయాడో నేను తరిచి అడగలేదు. అడిగి ఉంటే ఇంకో పదిహేను తగ్గించేవాణ్ణి కదా అని తర్వాత బాధపడ్డాను. అలాంటి బుద్ధి నాది. రెండు వందలు చెప్పిన బండిని నూట పదిహేనుకు దింపి, కోడి కింది గుడ్లు నాలుగూ కొసరుగా ఇమ్మన్నాను. మా ఇంట్లో గుడ్డు గడప దాటి రాదు. అయినా వదలబుద్ధి కాలేదు.

ఆ గుడ్లు తీసుకెళ్ళి మేస్త్రికి బయానా కింద ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, రెండు నాకు తిరిగిచ్చాడు.

"ఇవి మురిగినై. బండి కూడా ఇట్టాగే చూసి కొన్నారా శెట్టిగారూ?"

రాజుపాలెంలో రోడ్డు పక్కన రెండు గదుల పెంకుటిల్లు ఆయనది. భార్య మిషన్ బడిలో టీచరు. ఇంటి వసారానే ఆయనకు వర్కుషాపు. యుద్ధంలో మిలిటరీ బళ్ళు బాగుచేసి వచ్చి, ఊళ్ళో రైతుల ఆయిలింజన్లు చేసుకుంటూ బతుకుతున్నాడు. కుడిచేతికి చిటికెనవేలు, ఉంగరపువేలు లేవు. వేరుశనగ మిల్లు బెల్టు లాక్కుపోయింది. ఎవరైనా జాలిపడితే, "ఊరికే పోలేదులే, కూలి కింద కోసుకుంది. మిగతా మూడూ నాకొదిలింది," అనేవాడు.

ఆయనకో అలవాటుండేది. మనిషి వస్తే ముఖం చూడడు, చెప్పులు చూస్తాడు. మడమ అరిగినవాడు బ్రేకు మీద నిలబడే రకమనీ, ఎడమ పక్క అరిగినవాడు బండిని గుంటలోకి దించే రకమనీ చెప్పేవాడు. నా చెప్పులు కూడా వంగి చూశాడు.

"ఏంది మేస్త్రీ, ఏం కనపడింది?"

"ముందు ఏళ్ళ దగ్గరే అరిగినై. బేరం కుదరనట్టు లేచి నాలుగడుగులేసి, వాడు పిలుస్తాడని ముందుకి తూగి ఆగే మనిషి అరుగుదల ఇది."

నవ్వాను. నిజం కాబట్టి చాలాసేపు నవ్వాను.

ఇంకో అలవాటు, పని 'అయిపోయింది' అనేవాడు కాదు. ఇంజను గంట కొట్టినట్టు పలుకుతున్నా, "బాగయిందా మేస్త్రీ?" అంటే "ఇప్పటికి," అనేవాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగినా అదే మాట, "ఇప్పటికి బాగానే." ఆ మాట నాకు నచ్చేది కాదు. అమ్మిన చీర రంగు వెలవదు కదా అని అడిగితే మేం 'ఇప్పటికి' అంటామా? ఆ మాటతో ఒక్క చీర కూడా కొట్టు దాటదు.

టీచరమ్మ ప్రతిసారీ కాఫీ తెచ్చేది. ప్రతిసారీ నేను, "ఈ రోజు ఏకాదశమ్మా, ఉపవాసం," అనేవాణ్ణి. వాళ్ళింట్లో తాగకూడదని మా ఇంటి కట్టు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఆయనకు తెలుసు. ఆయన బోల్టు తుడుస్తూ తలెత్తకుండానే అనేవాడు, "శెట్టిగారి పంచాంగంలో నెలకి ముప్ఫై ఏకాదశులు. ఆ గ్లాసు ఇటియ్యి."

రెండున్నర నెలలు పట్టింది బండికి. ఇంజను విప్పి, భాగాలన్నీ పాత చీర మీద ఎడమ నుంచి కుడికి వరసగా పేర్చాడు. ఒకసారి నేను ఒక చిన్న స్ప్రింగును తీసి చూసి వేరేచోట పెట్టాను. ఆయన దాన్ని తీసి మళ్ళీ దాని చోట పెట్టి, "వరస తప్పితే ఒకడి ప్రాణం తప్పుద్ది," అన్నాడు. దారిలో బురద ఉంది, చూసుకోండి అన్నంత మామూలుగా అన్నాడు.

ఇంజనుకు, గుంటూరు నుంచి తెచ్చిన సామానుకు కలిపి నూట నలభై అని ముందే ఒప్పుకున్నాం. ఆ పైన నా సోకులు మొదలయ్యాయి. వెనక ఇనప క్యారియరు కావాలన్నాను, అది మా తానుల పార్శిలు పెట్టెకు సరిపోవాలి. హ్యాండిల్ కాస్త పైకి లేపమన్నాను, పంచెతో కూర్చోవడానికి వీలుగా. ట్యాంకుకి చిలకపచ్చ వేసి, చుట్టూ ఎర్ర అంచు పెట్టమన్నాను.

"ఇది బండా, చీరా?" అన్నాడు.

"బండి దూరం నుంచి కనపడగానే ఆడవాళ్ళు చీరలొచ్చినయ్యని బయటికి రావాల."

"వస్తారులే. పమిట ఎక్కడ వెయ్యమంటారు?"

అలా నవ్వుతూనే ఒకరోజు ముందు ఫోర్కు కడిగాడు. ముందుచక్రాన్ని రెండువైపులా పట్టుకుని ఉండే ఇనప కాళ్ళు అవి. కిరోసిన్‌తో నానబెట్టి, పొడిగుడ్డతో ఆరేదాకా తుడిచి, టీచరమ్మ బడి నుంచి తెచ్చిన సుద్దముక్కలు నూరి ఆ పొడి అద్దాడు. ఎందుకో నాకు తెలియలేదు. కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. బీడీ సగమయ్యేసరికి తెల్లటి సుద్ద మీద, ఎడమకాలు నడుమ, సన్నటి నల్ల గీత ఒకటి తనంతట తానే లేచింది. ఇనుములో పగులు ఉంటే కిరోసిన్ అందులోకి దూరి దాక్కుంటుందట, సుద్ద దాన్ని పీల్చి బయటపెడుతుందట.

"ఎంట్రుక పడ్డది," అన్నాడాయన.

తన తల నుంచి ఒక వెంట్రుక పీకి, ఆ గీత పక్కన పెట్టాడు. ఏది గీతో ఏది వెంట్రుకో తెలియనంత సన్నం.

"దీనికీ దానికీ తేడా ఒకటే శెట్టిగారూ. ఇది ఊడుద్ది. అది పెరుగుద్ది."

ఓవర్సీరు 'పోయాడు' అన్న మాట అప్పుడు నా చెవిలో మళ్ళీ వినిపించింది. వినపడనట్టు ఉండిపోయాను.

ఫోర్కు మార్చాలి, గుంటూరులో పాతసామాన్ల కొట్లో మంచిది దొరుకుతుంది, కూలితో కలిపి ఇంత అని చెప్పబోయాడు. వసారాలో నలుగురు రైతులు తమ ఇంజన్ల కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు బేరం తగ్గించి అడిగితే పోయేది పరువు, అడక్కపోతే డబ్బు. భుజం మీది తుండుగుడ్డ తీశాను.

"నోటితో వద్దు మేస్త్రీ. గుడ్డేద్దాం."

"నాతోనా గుడ్డ బేరం?" అని నవ్వి చెయ్యి చాపాడు. గుడ్డ కప్పాను.

ఆయన చెయ్యంతా చాపాడు. చెయ్యంటే అయిదు, అంటే యాభై. ఆయన ఉద్దేశం అదేనని నాకు ఎండంత స్పష్టంగా తెలుసు. కానీ నా చేతికి తగిలిన వేళ్ళు మూడు. లటుక్కున గుడ్డ లాగేశాను.

"మూడు! ముప్ఫై రూపాయలు. గుడ్డ తీశాక మాట లేదు, మీరంతా సాక్షులు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వసారా పెంకులెగిరేలా నవ్వారు. "శెట్టా మజాకా!" అన్నాడొకడు. ఆయన తన చేతిని ముందుకీ వెనక్కీ తిప్పి, కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"నిజమే. మూడే ఉన్నై," అన్నాడు. "ముప్ఫైకి కొత్త ఫోర్కు రాదు. దీనికే పైన గొట్టం తొడిగి, ఇత్తడి కరగబోసి అతుకుతా. కానీ ఒక మాట. మూడేళ్ళకి మూడేళ్ళే శెట్టిగారూ. ఆ పైన నా పూచీ లేదు."

మళ్ళీ అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను.

బండి బ్రహ్మాండంగా తిరిగింది. చిలకపచ్చ బండి అంటే పిడుగురాళ్ళ నుంచి మాచర్ల దాకా తెలియని ఇల్లాలు లేదు. ఏడాది తిరిగాక ఒకరోజు రాజుపాలెం దగ్గర ఆయన ఎదురుపడ్డాడు. బండి ఆపాను. "ఎట్టా ఉన్నావు మేస్త్రీ?" అన్నాను. "ఇప్పటికి బాగానే," అని, కుడిచేతి మూడు వేళ్ళూ నా ముఖం ముందు చాపి, నడిమివేలు మడిచాడు. నా బేరం గురించి ఎకసెక్కెమాడుతున్నాడనుకుని, నా అయిదు వేళ్ళూ చాపి చూపించి నవ్వుతూ వెళ్ళిపోయాను. రెండో ఏడు సత్తెనపల్లి బస్టాండులో కనిపించాడు. ఈసారి చూపుడువేలు కూడా మడిచి, బొటనవేలు ఒక్కటే నిలబెట్టాడు. నవ్వలేదు. నేనే నవ్వాను, ఇద్దరికీ సరిపడా.

మూడో ఏడు చివరికొచ్చేసరికి హ్యాండిల్ ఎడమవైపుకు లాగడం మొదలుపెట్టింది. గుంటలో పడితే ముందుచక్రం నుంచి సన్నగా 'కిస్' అనే చప్పుడు. మా నాన్న చెప్పేవాడు, గుడ్డ తాను రంగు వెలిసే ముందే అమ్మెయ్యాలిరా, వెలిశాక అమ్మేవాడు వ్యాపారి కాదు అని. ఇక్కడ అబద్ధం రాయను. చప్పుడు విన్న వారంలోనే బండిని గురజాలలో ఒక కాంపౌండరుకు నాలుగువందల యాభైకి అమ్మేశాను.

రెండు నెలలకు ఒక శనివారం పొద్దున మేస్త్రి మా కొట్టుకొచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ రాలేదు. మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి, పిడికిలి చూపించాడు.

"బండేది శెట్టిగారూ? ఫోర్కు విప్పాల. రోజులు దగ్గర పడ్డయ్యి."

"ఏం రోజులు?"

"మూడేళ్ళని చెప్పా గదా."

"వేళ్ళే కదా! మూడు వేళ్ళ డబ్బుకి మూడు వేళ్ళ పనని…"

మాట సగంలో ఆగిపోయింది. మా పల్నాట్లో వేలిని ఏలంటారు. వేళ్ళూ ఏళ్ళే, సంవత్సరాలూ ఏళ్ళే. మూడేళ్ళ డబ్బుకి ఆ అతుకు మూడేళ్ళు బతుకుతుందని ఆయన చెప్పాడు. నా నవ్వులో నాకు రెండూ వేళ్ళుగానే వినపడ్డాయి. ఏటా ఒక వేలు మడిచి ఆయన నాకు గడువు చూపిస్తుంటే, వెక్కిరిస్తున్నాడనుకున్నాను.

"బండేది?" అన్నాడు మళ్ళీ.

"అమ్మేశా. గురజాల కాంపౌండరుకి."

"ఎంట్రుక సంగతి చెప్పావా?"

'చెప్పారా' కాదు, 'చెప్పావా'. అన్నేళ్ళలో నన్ను నువ్వనడం అదే మొదలు.

"అమ్మేవాడు అవన్నీ చెప్తాడా మేస్త్రీ?"

ఆయన నా వంక చూడలేదు. నా చెప్పుల వంక కూడా చూడలేదు. "లే. బస్సుకి టయిమైంది," అన్నాడు.

గురజాల చేరేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా ఆయన ఎదురొచ్చే ప్రతి బండినీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పచ్చగా ఏది కనపడ్డా సీట్లోంచి లేచేవాడు. నేను మాత్రం కాంపౌండరు డబ్బు వాపసు అడిగితే ఎంత కోత కొయ్యాలా అని లెక్క వేసుకుంటున్నాను.

కాంపౌండరు ఇంటి ముందు బండి తుడుస్తున్నాడు. గడపలో భార్య, నిండు చూలాలు, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"రేపు మా ఆవిణ్ణి పుట్టింట్లో దించాల, మాచర్లలో," అన్నాడతను నన్ను చూసి సంతోషంగా. "మీ బండి మహా సుఖంగా ఉంది శెట్టిగారూ. కాస్త ఎడమకి లాగుద్ది, అంతే."

మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీశాడు. కిరోసిన్ అడిగాడు. తడిపి, తుడిచి, అద్ది, బీడీ ముట్టించాడు. నలుగురం ఆ తెల్లటి గొట్టం వంక చూస్తూ నిలబడ్డాం. ఈసారి బీడీ సగం కాలేదు. తొడిగిన గొట్టం కింది నుంచి వెంట్రుక బయటికొచ్చి, కాలు చుట్టూ మూడొంతులు తిరిగింది.

"అమ్మా, నువ్వు బస్సులో పో," అన్నాడాయన.

ఆమెకు ఎవరూ ఏమీ వివరించలేదు. "దీన్ని మా వాకిట్లోంచి తీసుకుపొండి, ఇప్పుడే," అంది. డబ్బు ఇమ్మన్నాడు కాంపౌండరు. రెండు నెలలు తిరిగావు కదా అని యాభై పట్టుకుని, ఇంటికి పోగానే నాలుగువందలు పంపుతానని కాగితం రాసిచ్చాను. అప్పుడు కూడా.

బండిని రాజుపాలెం చేర్చాలి. నాపరాళ్ళ లారీ ఒకటి వెళుతుంటే ఆపాను. డ్రైవరు పదిహేను అడిగాడు. అయిదన్నాను. పన్నెండన్నాడు. ఆరన్నాను. ఆఖరు మాట పదన్నాడు. ఏడన్నాను. వాడు గేరేశాడు. పోనిచ్చాను. లేచిపోయిన బేరం నాలుగడుగులేసి తిరిగొస్తుందని నా జన్మజన్మల నమ్మకం. లారీ మలుపు దాకా వెళ్ళింది. మలుపు తిరిగింది. దుమ్ము కూడా సద్దుమణిగింది.

"రేపు మాట్లాడదాం," అన్నాను.

"రేపు ఆదివారం. నేను పనిముట్టు పట్టను," అన్నాడు మేస్త్రి. "చక్రం విప్పేసి ఇక్కడే పడేద్దాం. సోమవారం వస్తా."

"ఇక్కడ వదిలేస్తే సోమవారానికి చక్రం కాదు, ట్యాంకు కూడా ఉండదు. పాత ఇనుము ధర ఎంతుందో తెలుసా?" అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట అన్నాను. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నెమ్మదిగా నడుపుకుంటూ పోతే రాదూ? నువ్వు అతికిందే కదా, నీ మాట వినదా?"

ఆయన చాలాసేపు ఆ నల్ల గీత వంక చూశాడు. బొటనవేలితో ఏదో లెక్కపెట్టాడు.

"మూడేళ్ళకి ఇంకా పన్నెండు రోజులున్నై," అన్నాడు. "ఈ పన్నెండు రోజులూ నా పూచీలోవే. ఆ గుడ్డ ఇటియ్యి."

కంది కట్టెలు రెండు తెచ్చి విరిగిన కాలికి కట్టు కట్టినట్టు ఫోర్కుకు ఆనించి, తాడు చుట్టి, పైన నా తుండుగుడ్డ బిగించాడు. బేరమాడిన గుడ్డ అదేనని చెబితే కథకు బాగుండును. కాదు, అది ఎప్పుడో చిరిగిపోయింది. క్యారియరు మీది పెట్టె విప్పి పడేసి, సీటు మీద బాగా వెనక్కి జరిగి కూర్చుని, సైకిలు పోయేంత వేగంతో కదిలాడు.

నేను బస్సెక్కాను. పిడుగురాళ్ళకు ఇవతలే బస్సు ఆయన్ను దాటింది. కిటికీలోంచి కేకేశాను. వినపడలేదేమో, తల తిప్పలేదు. చూపు ముందుచక్రం మీదే ఉంది.

రాజుపాలెంలో దిగి వసారాలో కూర్చున్నాను. టీచరమ్మ బడి పుస్తకాలు దిద్దుతోంది. విషయం చెప్పాను, కొంత చెప్పాను. ఆమె లేచి కాఫీ తెచ్చింది.

"ఈ రోజు…" అన్నాను.

"తెలుసులెండి," అని గ్లాసు నా పక్కన పెట్టి, మళ్ళీ దిద్దడానికి కూర్చుంది. ఆయన చేసిన ఏ బండి చప్పుడైనా ఆమె మైలు దూరం నుంచి పోల్చేదట. లారీ వస్తే తలెత్తడం, కాదని దించడం. జట్కా, బస్సు, మళ్ళీ లారీ. ఒకే పుస్తకాన్ని ఆమె మూడుసార్లు దిద్దింది. కాఫీ మీద మీగడ కట్టింది. బడి గోడ నీడ రోడ్డు దాటి వసారాలోకి వచ్చింది.

చివరికి వచ్చినది చప్పుడు చెయ్యలేదు. ఎద్దులబండి. దూరం నుంచే గడ్డి మీద చిలకపచ్చ రంగు కనపడింది, చుట్టూ ఎర్ర అంచు. నేను వేయించిన రంగు గొప్పదనం అదే, ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. దాని పక్కన ఆయన. ఎడమకాలు మోకాలి కింద ఏ వైపు తిరగకూడదో ఆ వైపు తిరిగి ఉంది. ఊరు రెండు మైళ్ళుందనగా, ఎత్తు దిగేచోట ఫోర్కు రెండు ముక్కలైందని బండివాడు చెప్పాడు.

టీచరమ్మ ఏడవలేదు. బండి పట్టె పట్టుకుని, "ఏమండీ, ఎట్టా ఉంది?" అంది.

"ఇప్పటికి బాగానే," అన్నాడాయన.

గుంటూరు ఆసుపత్రిలో కాలు నిలిచింది కానీ, మడత పడలేదు. పది రోజుల తర్వాత రెండువందలు జేబులో పెట్టుకుని చూడబోయాను. మంచం పక్కన జనం ఉన్నారు. వాళ్ళ ముందు డబ్బు మాట ఎలా ఎత్తను? భుజం మీది గుడ్డ తీసి ఆయన చేతి మీద కప్పాను. ఎన్ని వేళ్ళు చాపితే అన్ని పదులు కాదు, అన్ని వందలు ఇద్దామనే అనుకున్నాను. బేరం లేకుండా. ఏసుక్రీస్తు సాక్షిగా అని ఆయన దేవుడి మీద ఒట్టు కూడా మనసులో పెట్టుకున్నాను.

గుడ్డ కింద నా చేతికి తగిలింది పిడికిలి. విప్పబోయాను. మూడు వేళ్ళే అయినా విడిపించలేకపోయాను.

"మూడేళ్ళు కాలేదు శెట్టిగారూ," అన్నాడు మెల్లగా. మళ్ళీ 'గారూ'. "పన్నెండు రోజులు తక్కువ పడ్డది. నా అతుకు నిలవలా. తప్పు నాది."

ఆ తర్వాత సత్తెనపల్లి దాటి అటు వెళ్ళే పనులన్నీ మా తమ్ముడికి అప్పజెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చుని, కర్రలా బిగిసిన కాలు ముందుకు చాపుకుని ఇంజన్లు చేస్తూనే ఉన్నాడని వాడు చెప్పేవాడు. చెప్పులు చూడడం మాత్రం మానేశాడట.

పోయిన నెల ఆ మల్లుగుడ్డ రైతు చేతికివ్వకుండా, నేనే పట్టుకుని రాజుపాలెం వెళ్ళాను. సమాధి కార్యక్రమం అయ్యాక వసారాలో కూర్చున్నాను. పెరట్లో గోడకు ఆనించి చిలకపచ్చ ట్యాంకు, దాని వెనక సీటు. స్ప్రింగుల మధ్య కోడిపెట్ట పొదుగుతోంది. జేబులోంచి డబ్బు తీయబోయాను. టీచరమ్మ చూసింది.

"శెట్టిగారొస్తే డబ్బు తీసుకోవద్దన్నారు. కాఫీ ఇమ్మన్నారు," అని గ్లాసు పెట్టింది. "తాగేదాకా లేవనియ్యొద్దన్నారు."

తాగాను. చక్కెర ఎక్కువైంది. ఆ రోజు తిథి ఏమిటో నాకు తెలియదు.

ఇక లెక్క. బండి నూట పదిహేను, మాచర్ల నుంచి లారీ ఆరు, ఇంజను నూట నలభై, ఫోర్కు ముప్ఫై, క్యారియరు రంగు కలిపి ఇరవైనాలుగు. అంతా మూడువందల పదిహేను. కాంపౌండరు దగ్గర వచ్చింది నాలుగువందల యాభై, పంపింది నాలుగువందలు, నా దగ్గర ఆగింది యాభై. మూడేళ్ళు బండి మీద చీరలమ్మి గడించింది చాలా ఉంది, అది వేరే పుస్తకం. ఆరు గజాల మల్లుకు డబ్బు తీసుకోలేదు, దాన్ని ఇందులో కలపను.

ఫోర్కు దగ్గర ఆయన చాపింది యాభై, నేనిచ్చింది ముప్ఫై. మిగుల్చుకున్నది ఇరవై. లారీ దగ్గర వాడి ఆఖరు మాట పది, నాది ఏడు. మిగుల్చుకున్నది మూడు. వెరసి ఇరవై మూడు రూపాయలు, నాకు. పన్నెండు రోజులు ఆయన తన పద్దులో రాసుకున్నాడు. అది తప్పు పద్దు, కొట్టేస్తున్నాను. వాళ్ళింట్లో వద్దన్న కాఫీలు ఎన్నో లెక్క లేదు, తాగింది ఒకటి.

ఎడమకాలు ఒకటి, ఖర్చు. నా పేరు మీద.